జ్యూరీ విచారణ : కోర్టులు నేర్వవలసిన పాఠం

జ్యూరీ అనే మాట వినగానే మన విద్యార్థి మిత్రులకు సాధారణంగా రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి, ఇంగ్లీషు సినిమాలో పన్నెండుమంది ఒక గదిలో కూర్చుని చెమటలు కక్కుతూ వాదించుకోవడం. రెండోది నానావతి కేసు. ఆ కేసులో జ్యూరీ అన్యాయంగా తీర్పు చెప్పిందనీ, దాంతో ప్రభుత్వం జ్యూరీ పద్ధతినే ఎత్తివేసిందనీ పరీక్ష పేపర్లలో రాసేవారు ఈనాటికీ ఉన్నారు. మార్కులు కూడా పడుతున్నాయి కాబోలు! కాని అది అంత సులువుగా తేలే సంగతి కాదు. మన దేశంలో జ్యూరీ ఒక తుపాకి దెబ్బకు పోలేదు. నెమ్మదిగా, ఏళ్ళ తరబడి, ఆలనా పాలనా లేక పోయింది. జ్యూరర్లను ఎలా ఎంచుకోవాలి, ఎలా పిలవాలి, పిలిచాక ఎలా చూసుకోవాలి, వాళ్ళకు చట్టం ఎలా చెప్పాలి అన్న ఇంటిపని సరిగా జరగకపోవడమే ఆ పతనానికి సగం కారణమని నా అభిప్రాయం. ఆ సగాన్ని గురించే ఈ వ్యాసం.

పదిమంది పెద్దలు కూర్చుని తగవు తీర్చడం మనకు కొత్త కాదు. రచ్చబండ లేని ఊరు ఉండేదా? తెల్లవాళ్ళలో ఈ సంగతి బాగా గ్రహించినవాడు సర్ థామస్ మన్రో. 1816లో మద్రాసు రాజధానిలో వచ్చిన రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు, గ్రామ పంచాయతీకి, జిల్లా పంచాయతీకి చిన్న చిన్న వ్యాజ్యాలు అప్పగించాయి. 1826లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసి కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో భారతీయులు కూడా జ్యూరీలో కూర్చోవచ్చునన్నది. అయితే అందులో ఒక మెలిక పెట్టింది: క్రైస్తవుడైన ముద్దాయిని హిందువు గాని, ముసల్మాను గాని విచారించకూడదు! రామమోహనరాయ్ వంటివారు దాన్ని గట్టిగా నిరసించారు. 1832లో గాని ఆ మెలిక పోలేదు. ఈలోపల 1827లో మన్రో మద్రాసు జిల్లాల క్రిమినలు కోర్టుల్లోనూ జ్యూరీని క్రమంగా ప్రవేశపెట్టేందుకు పదో రెగ్యులేషను తెచ్చాడు. ఆ జూలైలోనే కర్నూలు దగ్గర పత్తికొండలో కలరా సోకి కన్నుమూశాడు. జిల్లా సెషన్సు కోర్టులకు జ్యూరీ నిలకడగా వచ్చింది 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడుతోనే. అదీ అన్నిచోట్లా కాదు, అన్ని నేరాలకూ కాదు. ఏ జిల్లాలో, ఏ నేరానికి జ్యూరీ ఉండాలో ప్రభుత్వం ఇష్టం. మద్రాసు రాష్ట్రంలో ఆ ఇష్టం కొన్ని జిల్లాలకు, అందులోనూ దొంగతనం, దోపిడి, కన్నం వేయడం వంటి ఆస్తి నేరాలకు మాత్రమే పరిమితమైంది. హత్యానేరం విచారణలో జ్యూరీ ఉండదు, అసెసర్లు ఉంటారు.

ఈ అసెసర్లంటే ఎవరో నేటి తరానికి చెప్పాలి. వాళ్ళూ జ్యూరర్ల జాబితా నుంచి వచ్చినవాళ్ళే. కేసంతా విని, చివర ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్తారు. జడ్జి దాన్ని రాసుకుంటాడు. ఆ అభిప్రాయానికి కట్టుబడనక్కరలేదని చట్టమే చెప్పింది. జ్యూరీ మాట అలా కాదు. జ్యూరీ తీర్పు చెబితే జడ్జి దాన్ని అంగీకరించాలి, లేదా తప్పని గట్టిగా తోస్తే 307వ సెక్షను కింద హైకోర్టుకు నివేదించాలి. ఇక్కడ 1898 కోడులో ఒక తమాషా ఉంది. ఒకే ముద్దాయి మీద రెండు నేరాలు మోపి, అందులో ఒకటి జ్యూరీ విచారించేదీ మరొకటి కానిదీ అయితే, ఆ కూర్చున్న మనుషులే మొదటిదానికి జ్యూరర్లు, రెండోదానికి అసెసర్లు. దోపిడి చేసి చంపాడన్న కేసు తీసుకోండి. దోపిడి విషయంలో వాళ్ళ మాటకు బలం ఉంది. హత్య విషయంలో అదే నోటినుంచి వచ్చిన మాటకు బలం లేదు. కుర్చీ మారలేదు, మనిషి మారలేదు, విన్న సాక్ష్యం మారలేదు. ఇది విన్న పల్లెటూరి పెద్దమనిషికి కోర్టు మీద ఎటువంటి గౌరవం కలుగుతుందో ఊహించండి.

ఇక జాబితా సంగతి. ఇరవయ్యొకటి నుంచి అరవై ఏళ్ళలోపు మగవాళ్ళంతా జ్యూరీ సేవకు బాధ్యులని 319వ సెక్షను అన్నది. మగవాళ్ళు మాత్రమే, గమనించండి. ఆపైన మినహాయింపుల సెక్షను చూస్తే కళ్ళు తిరుగుతాయి. శాసనసభ్యులకు మినహాయింపు, జడ్జీలకు మినహాయింపు, పోలీసులకు, వసూళ్ళ ఉద్యోగులకు, వైద్యులకు, ప్లీడర్లకు, పూజారులకు, తంతి తపాలా వారికి మినహాయింపు. చదువుకున్నవారిలో మిగిలేది ఎందరు? ఆ మిగిలినవారిలోంచి కూడా చీటీ తీసి కాదు, సెషన్సు జడ్జీ, కలెక్టరూ కూర్చుని తమకు తగినవారని తోచినవాళ్ళ పేర్లు రాసేవారు. అంటే ఆచరణలో ఏ ఊళ్ళోనైనా ఎవరి పేరు కచేరీలో తెలిసివుంటే వారి పేరు. కూలివాడి పేరు ఎవరికి తోస్తుంది? సమను పంపవలసినవారిని మాత్రం బహిరంగ కోర్టులో చీటీలు తీసి ఎంచాలి. విచారణకు కావలసిన సంఖ్యకు కనీసం రెట్టింపు మందిని పిలవాలి. ఆరునెలల లోపల సేవ చేసినవాణ్ణి, వేరే దారి లేకపోతే తప్ప, మళ్ళీ పిలవకూడదు. రాకపోతే వంద రూపాయల దాకా జుల్మానా. వంద రూపాయలు! ఆనాటి సన్నకారు రైతుకు అది ఎంత బరువో వేరే చెప్పాలా?

జాబితా ఎవరి చేతిలో ఉంటే తీర్పు సగం వారి చేతిలో ఉన్నట్టే. 1908లో బొంబాయి హైకోర్టులో లోకమాన్య తిలక్ రాజద్రోహం కేసు విచారించిన తొమ్మిదిమందిలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. తిలక్ మాండలే వెళ్ళాడు. ఆ ఏడుగురూ దురుద్దేశంతో అన్నారని నేననను. కాని ఆయన మరాఠీలో రాసిన వ్యాసాలను ఇంగ్లీషు తర్జుమాలో చదివి తీర్పు చెప్పవలసిన వారిని ఎంచుకున్నప్పుడే కేసు ఏ ఒడ్డుకు చేరేదీ తేలిపోయింది.

మాది జొన్నాడ. గౌతమి ఎడమ ఒడ్డున, రావులపాలేనికి ఎదురుగా ఉంటుంది. ఇప్పుడు వంతెన మీద బస్సు నిమిషాల్లో దాటిపోతుంది గాని, వంతెన లేని రోజుల్లో కోనసీమ లోపలి నుంచి రాజమండ్రి పోవలసిన వాళ్ళలో చాలామంది పడవ ఎక్కి మా రేవులో దిగేవారు. సెషన్సు కోర్టు పని మీద వచ్చేవాళ్ళు కూడా. వాళ్ళలో సాక్షులుండేవారు, జామీనుదార్లుండేవారు, అప్పుడప్పుడు సమను మడతపెట్టి జేబులో పెట్టుకున్న జ్యూరర్లుండేవారు. వరదల కాలంలో గోదావరి పోటెత్తితే పడవ కట్టరు. నది ఒప్పుకోలేదని కోర్టుకు ఎవరు చెప్పాలి? మా తాతగారి అరుగు మీద అలాంటివాళ్ళు ఒకపూట తలదాచుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. ఆయన కూడా ఒకసారి హత్య కేసులో అసెసరుగా వెళ్ళివచ్చారు. నలభైల్లో మాట. ఏ కోర్టన్నది ఇక్కడ అనవసరం. మూడు రోజులు వాయిదా మీద వాయిదా పడి, నాలుగో రోజు విచారణ మొదలైందట. వేసిన పంచె, తెచ్చుకున్న చద్దిమూట సరిపోక పూటకూళ్ళింట భోంచేశారట. చివరికి అసెసర్లంతా ఒక మాట అన్నారు. జడ్జిగారు రాసుకుని తీర్పు మరోలా చెప్పారు. "అడిగారు గదా అని మురిసిపోయాం గాని రా అబ్బాయ్, అడిగింది రాసుకోవడానికే" అనేవారు తాతగారు, నవ్వుతూనే. తీర్పు తప్పని ఆయన ఎన్నడూ అనలేదు. జడ్జిగారు ఎందుకు కాదన్నారో ఒక్కమాట చెప్పివుంటే బాగుండేదనేవారు.

ఈ చిన్న మాటలో పెద్ద పాఠం ఉంది. పౌరుణ్ణి పనిమాని రమ్మన్నప్పుడు కోర్టు అతనికి మూడు బాకీ పడుతుంది: వృథా కాని కాలం, చేతినుంచి పడకుండా ఖర్చు, తను చేసిన పనికి అర్థం. మన పాత విధానం మూడింటిలో ఏదీ సరిగా చెల్లించలేదు. అసెసర్ల పద్ధతి 1955 నాటి సవరణతో పోయింది, 1956 జనవరి నుంచి అసెసర్లు లేరు. పోయినందుకు ఎవరూ కన్నీళ్ళు పెట్టలేదు.

జ్యూరీ మరికొంతకాలం నిలిచింది. 1958లో సెతల్వాద్ గారి అధ్యక్షతన లా కమిషను తన పద్నాలుగో నివేదికలో జ్యూరీ పద్ధతి మన దేశంలో విఫలమైంది, ఎత్తివేయవలసిందే అని తేల్చింది. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి. నానావతి ప్రేమ్ ఆహూజాను కాల్చింది 1959 ఏప్రిల్ 27న. అంటే రోగికి ప్రాణం పోయేటట్టుందని వైద్యుడు చెప్పాకనే ఈ కేసు వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ సాగింది. పూర్తిగా మాయమైంది 1974 ఏప్రిల్ 1న 1973 నాటి కొత్త కోడు అమల్లోకి వచ్చినప్పుడు.

నానావతి కేసునే మరొకసారి చూద్దాం. బొంబాయి సెషన్సు కోర్టులో తొమ్మిదిమంది జ్యూరర్లలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. బయట 'బ్లిట్జ్' పత్రిక నౌకాదళ అధికారి పక్షాన డప్పు కొడుతోంది. సెషన్సు జడ్జి తీర్పును అంగీకరించక హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు 1960 మార్చిలో శిక్ష వేసింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసినవారు 1902లో మన రాజమండ్రిలోనే పుట్టిన కోకా సుబ్బారావుగారు, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. ఆ తీర్పు మన విద్యార్థులు చాలామంది 'తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు' అన్న భాగం వరకే చదువుతారు. నానావతి ఇల్లు విడిచింది ఒంటిగంటన్నరకు, కాల్పులు నాలుగూ ఇరవైకి, మధ్యలో కోపం చల్లారేంత వ్యవధి ఉంది అన్నది ఆ భాగం. దానికి ముందున్న భాగం ఇంకా ముఖ్యమైనది. తుపాకి పెనుగులాటలో ప్రమాదవశాత్తు పేలిందని ముద్దాయి అంటున్నాడు. అలాంటప్పుడు ఆ సంగతి చూపవలసిన భారం ఎవరిమీద ఉంది, ఎంతమేరకు ఉంది అన్నది సెషన్సు జడ్జి జ్యూరీకి విడమర్చి చెప్పలేదు. చెప్పవలసినది చెప్పకపోవడం జ్యూరీని తప్పుదారి పట్టించడమే అని సుప్రీంకోర్టు తేల్చింది.

అంటే ఏమిటన్నమాట? ఆ ఎనిమిదిమందీ మందబుద్ధులని కాదు. దారి చెప్పవలసినవాడు దారి చెప్పలేదు. పత్రికల హోరు కూడా పనిచేసే ఉంటుంది, కాదనను. కాని ఆ హోరు నుంచి జ్యూరర్లను కాపాడవలసిన పని కూడా కోర్టుదే కదా! మద్రాసులో 1945లో లక్ష్మీకాంతన్ హత్య కేసు విచారణ జరిగినప్పుడూ ఇంతే. ముద్దాయిలు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ వంటి మహా తారలు. ఊరంతా అదే మాట. తొమ్మిదిమందిలో ఆరుగురు దోషులన్నారు. హైకోర్టు జ్యూరీలో చెల్లుబాటుకు కావలసిన కనీస సంఖ్య సరిగ్గా ఆరే. ప్రీవీ కౌన్సిలు దాకా పోయి తిరిగివచ్చి 1947లో వాళ్ళు విడుదలయ్యారు.

బయటి దేశాలు జ్యూరీని ఎత్తివేయకుండా బాగుచేసుకున్నాయి. ఆ బాగుచేసుకున్న తీరు చూస్తే చాలావరకు గుమాస్తా పనే, మహా సిద్ధాంతాలేమీ లేవు. మా మేనకోడలు అమెరికాలో స్థిరపడింది. పౌరసత్వం వచ్చాక తనకు జ్యూరీ సమను వచ్చింది. మన కోనసీమ పిల్లలకు అక్కడ ఇది ఇప్పుడు మామూలే. పచ్చకార్డు ఉన్నంతకాలం పిలుపు రాదు, ఓటుహక్కు వచ్చాక ఏదో ఒకనాడు వస్తుంది. "మావయ్యా, ముందురోజు సాయంత్రం ఫోనుచేసి వినమన్నారు, నా నెంబరు వరకూ అవసరం లేదు రావద్దన్నారు" అని తను చెబితే నాకు మా రేవులో పడవ కోసం కూర్చున్న జ్యూరర్లు కళ్ళముందు మెదిలారు. అంతే కదా విషయం! రావలసిన అవసరం లేనివాణ్ణి రప్పించకపోవడం. అక్కడ అనేక కోర్టుల్లో 'ఒకరోజు లేదా ఒక కేసు' అనే నియమం పాటిస్తారు. వచ్చిన రోజున కేసులో కూర్చోబెట్టకపోతే ఆ విడతకు ఋణం తీరినట్టే. ఫెడరల్ కోర్టులో రోజుకు యాభై డాలర్లు ఇస్తారు, జ్యూరీకి వెళ్ళాడని యజమాని ఉద్యోగం తీసేయకూడదని చట్టం ఉంది. 1968 నాటి చట్టం జ్యూరర్లను అధికారి తోచినట్టు కాక, ఓటర్ల జాబితా వంటి వాటినుంచి లాటరీ పద్ధతిలో ఎంచాలన్నది. 1975లో అక్కడి సుప్రీంకోర్టు ఆడవాళ్ళను పక్కనపెట్టే జ్యూరీ జాబితా చెల్లదన్నది. అరిజోనా రాష్ట్రం 1995లో జ్యూరర్లు నోట్సు రాసుకోవచ్చనీ, జడ్జి ద్వారా సాక్షిని ప్రశ్నలు అడగవచ్చనీ నిబంధనలు మార్చింది. క్లాసులో నోట్సు రాసుకోనివ్వకుండా సంవత్సరాంతంలో పరీక్ష పెడితే మనం ఊరుకుంటామా? ఎన్నో ఏళ్ళు జ్యూరర్లకు జరిగింది అదే.

అక్కడా చిక్కులు లేకపోలేదు. 2011లో ఇంగ్లాండులో ఒక జ్యూరరు కేసు నడుస్తుండగానే ఫేస్‌బుక్కులో ముద్దాయితో ముచ్చట్లు పెట్టుకుని ఎనిమిదినెలలు జైలుకు పోయింది. చేతిలో ఫోను ఉన్న ప్రతి జ్యూరరూ ఒక ప్రమాదమే. జపాను కథ మనకు ఇంకా దగ్గరిది. వాళ్ళు 1928లో జ్యూరీ పెట్టి, 1943లో ఆపేసి, 2009లో వేరొక రూపంలో మళ్ళీ మొదలుపెట్టారు. ముగ్గురు జడ్జీలు, ఆరుగురు పౌరులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తప్పొప్పులూ, శిక్షా తేలుస్తారు. జడ్జి చట్టం చెప్తాడు, పౌరుడు ప్రశ్న అడుగుతాడు. దోషి అని తేలాలంటే ఆ మెజారిటీలో కనీసం ఒక జడ్జి ఉండాలి. మా తాతగారికి దొరకని సమాధానం అక్కడివాళ్ళకు దొరుకుతుంది. దక్షిణ కొరియా 2008లో పెట్టిన జ్యూరీ తీర్పుకు జడ్జి కట్టుబడనక్కరలేదు, అది మన అసెసర్లకు చుట్టమే.

మరి మన దేశంలో జ్యూరీని తిరిగి తేవాలా? నేనైతే ఉన్నపళంగా తెమ్మనను. కులం, పార్టీ, బంధుత్వం, నీటి తగాదా, ఇవన్నీ లేని ఊరు మన జిల్లాలో చూపించండి. ఐదుగురిని ఎంచితే ముగ్గురు ఎవరో ఒకరి మనుషులవుతారు. రాత్రికి రాత్రి ఇంటికి కబురు వస్తుంది. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కాని సామాన్యుడు న్యాయపీఠం మీద పనికిరాడన్న మాటను మాత్రం నేనొప్పుకోను. మన చట్టాలే దాన్ని ఒప్పుకోవడం లేదు. బాలనేరస్థుల బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక సేవకులు కూర్చుంటున్నారు, వారిలో ఒకరు స్త్రీ కావాలి. లోక్ అదాలత్‌లో, వినియోగదారుల కమిషన్లలో న్యాయాధికారులు కానివారున్నారు. పార్సీల వివాహ వ్యాజ్యాల్లో 1936 చట్టం కింద డెలిగేట్లు అనేవారు ఈనాటికీ వాస్తవాంశాల మీద తీర్పు చెబుతున్నారు. 1988 దాకా ఏడుగురు, ఆ తర్వాత ఐదుగురు. కాబట్టి జ్యూరీ అనే చెట్టు కొట్టేసినా వేళ్ళు ఉన్నాయి. వీళ్ళను ఎలా ఎంచుతున్నారు, ఏం తర్ఫీదు ఇస్తున్నారు, రానుపోను ఖర్చు సకాలంలో ఇస్తున్నారా అని అడిగేవాళ్ళు కావాలి. పాత తప్పులు కొత్త పేర్లతో జరగకుండా చూడాలంటే మొదట అడగవలసిన ప్రశ్నలు ఇవే.

ఇంతకన్నా పెద్ద బాకీ మరొకటుంది. జ్యూరరు పోయాడు గాని, కోర్టు పనిమాన్పించి రప్పించే పౌరుడు పోలేదు. అతని పేరు సాక్షి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడుస్తాడంటారు. సాక్షి రెండు చోట్లా ఏడుస్తాడు. గెలుపూ అతనిది కాదు, ఓటమీ అతనిది కాదు. 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే ఈ దుస్థితిని వర్ణించింది: సాక్షి దూరం నుంచి వస్తాడు, బంట్రోతు బయటికి తోసేస్తాడు, కూర్చునే చోటుండదు, గ్లాసెడు మంచినీళ్ళుండవు, రోజంతా నిలబడితే సాయంత్రానికి వాయిదా పడిందంటారు. సాక్షి బత్తా ఉందని చట్టం ఉంది. అది చేతికి ఎప్పుడొస్తుందో అడిగి చూడండి. సాక్షులు ఎదురు తిరుగుతున్నారని మనం పత్రికల్లో చదువుతాం. భయపెట్టడం వల్ల కొందరు, డబ్బువల్ల కొందరు తిరుగుతారు. విసిగిపోయి తిరిగేవారు కూడా ఉన్నారని నేను నమ్ముతున్నాను. నాలుగోసారి కూలి పోగొట్టుకుని వచ్చినవాడు "నాకేం తెలీదండీ బాబూ" అని బోనులో అనేస్తే వాణ్ణి తిట్టే ముందు మొదటి మూడుసార్లు ఏం జరిగిందో చూడాలి.

జ్యూరీ దేశాల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ముందురోజు సాయంత్రమే ఫోనుకు కబురు పెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక సురక్షా సంహిత సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి దారి తెరిచింది. సమను పంపగలిగినవాళ్ళు 'రేపు రానక్కరలేదు' అన్న కబురు పంపలేరా? ఉదయం పదిన్నరకే అందరినీ రమ్మనకుండా ఒకరిని ఉదయం, ఒకరిని మధ్యాహ్నం రమ్మనవచ్చు. బత్తా అదేరోజు ఖాతాలో వేయవచ్చు. ఒక బల్ల, ఒక కుండ నీళ్ళు, ఆడవాళ్ళకు వేరుగా ఒక మరుగుదొడ్డి. వీటికి శాసనసభ ఆమోదం అక్కరలేదు.

మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా మూట్ కోర్టు పోటీలు పెడుతున్నారు, సంతోషం. ఈ ఏడు ఒక పదిమంది లా విద్యార్థులు తమ తమ ఊళ్ళకు దగ్గరి కోర్టులో, న్యాయాధికారి అనుమతి తీసుకుని, నెలరోజుల పాటు ఒక లెక్క రాయగలరా? సాక్షి ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి పిలిచారు, పిలవకుండా పంపేశారా, ఇది ఎన్నోసారి, బత్తా ఎంత, ఎప్పుడిచ్చారు. పేర్లు వద్దు, ఊళ్ళు వద్దు, ఈ గళ్ళు చాలు. సెషన్సు, సివిలు కోర్టులకు వేసవి సెలవులుంటాయి గనుక మార్చిలోనే మొదలుపెట్టాలి. జొన్నాడ వైపు వచ్చేవారికి మా ఇంట్లో బస, భోజనం నా పూచీ.